బ్యారక్‌లో బతికిన భాష

1951 మార్చి 21. రోటర్‌డామ్ రేవులోని లాయిడ్ కాడె ఒడ్డుకు ‘కోతా ఇంతెన్’ ఓడ వచ్చి ఆగింది. నెల కిందట జావా దీవిలో, సురబయ రేవులో ఎక్కినవాళ్లంతా డెక్ మీదికి వచ్చి కమ్మీలు పట్టుకుని నిలబడ్డారు. నోరు తెరిస్తే తెల్లగా ఆవిరి వస్తోంది. పిల్లలకు అదో ఆట. ఒకరి ముఖం మీద ఒకరు ఊదుకుంటున్నారు.

“కాతోంగ్ సు సాంపె” అన్నాడు సార్జెంటు, పక్కనున్న భార్యతో. వచ్చేశాం అని.

ఆమె చంటిబిడ్డను గుడ్డతో గుండెకు బిగించి కట్టుకుని ఉంది. “దింగిన్ స్కాలి” అంది. చలి చంపేస్తోంది అని.

ఈ సార్జెంటుకీ, అతని భార్యకీ పేర్లు పెట్టడం లేదు. ఆ ఏడాది మార్చి నుంచి జూన్ దాకా ఓడల మీద ఓడల్లో నెదర్లాండ్స్‌కి చేరిన, ఇండోనేషియా తూర్పున ఉన్న మలుకు దీవులవాళ్లు పన్నెండున్నర వేల మంది బతుకుల్లోంచి కూర్చిన మనుషులు వీళ్లు. అన్నమాటలు నేను ఊహించినవి. తేదీలు, ఊళ్లు, జరిగిన అన్యాయం మాత్రం చరిత్రలో ఉన్నవే.

సార్జెంటుది సపారువా. మలుకులోని అంబోన్ దీవికి దగ్గర్లో ఉన్న చిన్న దీవి, ఒకప్పుడు లవంగాలకు పేరుపడ్డది. భార్యది జావా. అతను బండుంగ్ బ్యారక్‌లో ఉన్న రోజుల్లో పెళ్లయింది. అతనికి జావా భాష రాదు, ఆమెకు సపారువా ఎక్కడుందో తెలియదు. ఇద్దరినీ కలిపింది సిపాయిల బ్యారక్‌లో అందరూ మాట్లాడుకునే మలయ్. అంబోన్ రేవు బజార్లో పుట్టి, డచ్చివారి వలస సైన్యం వెంట దీవి నుంచి దీవికి తిరిగిన మాట అది. బళ్లో చెప్పే మలయ్ కాదు, గుడిలో చదివే మలయ్ కాదు. దొరలు దాన్ని తక్కువ మలయ్ అనేవారు.

ఓడ దిగిన పన్నెండున్నర వేల మందికీ ఆ తర్వాత మిగిలింది ఆ తక్కువ మాటే.

* * *

వీళ్లు ఇంత దూరం ఎందుకు రావలసి వచ్చిందో చెప్పాలి.

డచ్చివారి వలస సైన్యంలో మలుకు క్రైస్తవులకు ప్రత్యేకమైన స్థానం ఉండేది. తరాల తరబడి తండ్రి వెనక కొడుకు అందులో చేరేవాడు. 1949 డిసెంబరు 27న ఇండోనేషియాకు అధికారం అప్పజెప్పి డచ్చివారు తప్పుకున్నారు. ఎవరి తరఫున తుపాకి పట్టారో ఆ దొరలు వెళ్లిపోయారు, ఎవరి మీద పట్టారో వాళ్ల చేతికి దేశం వచ్చింది. 1950 ఏప్రిల్ 25న అంబోన్‌లో దక్షిణ మలుకు గణతంత్రం ప్రకటించారు. ఆ సెప్టెంబరు చివర్లో ఇండోనేషియా సేనలు అంబోన్ దీవి మీద దిగాయి, నవంబరుకల్లా పట్నం వాళ్ల వశమైంది. ఈలోగా, జులై 26న, వలస సైన్యాన్నే రద్దు చేశారు.

జావాలో ఉన్న మలుకు సిపాయిలు, ఇంటిల్లిపాదీ కలిపి, ఎటూ కాకుండా పోయారు. మమ్మల్ని అంబోన్‌లోనో, డచ్చివారి చేతిలో ఇంకా ఉన్న న్యూగినీలోనో దించి ఉద్యోగంలోంచి వదలమని అడిగారు. ఇండోనేషియా ఒప్పుకోలేదు. జావాలోనే వదిలేస్తామంటే సిపాయిలు ఒప్పుకోలేదు. అక్కడ వదిలితే తమ గతేమిటో వాళ్లకు తెలుసు. హేగ్ కోర్టుకి వెళ్లారు. ఇష్టానికి విరుద్ధంగా ఇండోనేషియా గడ్డ మీద వాళ్లను వదిలెయ్యకూడదని కోర్టు చెప్పింది. అప్పుడు డచ్ ప్రభుత్వం కనిపెట్టిన దారి, వీళ్లందరినీ తాత్కాలికంగా నెదర్లాండ్స్‌కి తేవడం. ఎక్కమని ఆజ్ఞ వచ్చింది, ఎక్కారు. సిపాయికి ఆజ్ఞ అంటే ఆజ్ఞే.

మూడు నెలలో ఆరు నెలలో అనుకున్నారు. అందుకే పెట్టెలు సర్దినట్టే ఉంచారు. చాలా ఇళ్లల్లో ఆ పెట్టెలు ఏళ్ల తరబడి పూర్తిగా విప్పలేదు.

ఓడ దిగీ దిగకముందే ఇంకో దెబ్బ. ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు కాగితాలు చేతికి వచ్చాయి. యూనిఫాంతో వచ్చిన మనిషి యూనిఫాం హక్కు పోగొట్టుకుని పరాయి దేశంలో నిలబడ్డాడు. డచ్చి సైన్య చరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడవలసిన పేజీ ఉందో లేదో గాని, ఇది చాలదా అనిపిస్తుంది నాకు.

* * *

సార్జెంటు కుటుంబాన్ని బస్సులో ఉత్తరాదికి, డ్రెంతె అనే ప్రాంతానికి పంపారు. బీడు నేల, గాలి, కనుచూపు మేర ఇల్లు లేదు. చెక్క బ్యారక్‌ల వరసలు. శిబిరం పేరు షాటెన్‌బెర్గ్ అన్నారు. అది పెట్టిన కొత్త పేరు. పాత పేరు వెస్టర్‌బోర్క్. 1942 నుంచి 1944 దాకా నెదర్లాండ్స్ యూదులు లక్షమందికి పైగా ఈ శిబిరంలోంచే రైళ్లెక్కి నాజీ శిబిరాలకు, ఎక్కువమంది పోలండు చావు శిబిరాలకు, వెళ్లారు. పదిహేనేళ్ల ఆన్ ఫ్రాంక్ కూడా ఇక్కణ్నుంచే వెళ్లింది. ఏడేళ్లు కూడా నిండకుండా అవే బ్యారక్‌లలో మలుకు తల్లులు ఉయ్యాలలు కట్టారు. దక్షిణాన ఫుఖ్ట్ ఊరి దగ్గర లునెటెన్ శిబిరం కూడా నాజీల నిర్బంధ శిబిరమే. అక్కడా వీళ్లనే పెట్టారు.

కుటుంబానికి ఒకటో రెండో గదులు. మధ్యలో పలచటి చెక్క గోడలు. పక్క గదిలో పసివాడు దగ్గితే ఇక్కడ తెలుస్తుంది. ఒక గోడకు అవతల సేరం దీవివాళ్లు, ఇంకో గోడకు అవతల అంబోన్ వాళ్లు, చివరి గదిలో కేయి దీవుల కుటుంబం. కేయివాళ్లకు ఇంట్లో కేయి భాష ఉంది, తనింబార్ వాళ్లకు వాళ్ల భాష ఉంది. భార్యల్లో జావావాళ్లు, సుందావాళ్లు, మెనాడోవాళ్లు. బయటికొచ్చి నీళ్ల దగ్గర నిలబడితే అందరికీ ఒకటే మాట.

“ఊసి, ఎయిర్ సు అబిస్?” అని పొరుగింటామె అడుగుతుంది. అక్కా, నీళ్లు అయిపోయాయా అని. ఊసి అంటే అంబోన్ క్రైస్తవుల ఇళ్లల్లో అక్క. అన్నను బుంగ్ అంటారు. తాత తేతె, అమ్మమ్మ నేనె. మామయ్య వరసవాళ్లకు డచ్చివారి దగ్గర్నుంచి తీసుకున్న ఓమ్, అత్త వరసవాళ్లకు తాంతా. చుట్టరికం లేకపోయినా ఎవరినీ ఉత్త పేరుతో పిలవరు.

“మామా, బెతా పుంగ్ సపాతు మానా?” సార్జెంటు కొడుకు తన బూట్లేవని అరుస్తున్నాడు. బెతా అంటే నేను.

“మామా సెంగ్ తావు” అని లోపల్నుంచి తల్లి. నాకు తెలీదు అని.

బూట్లకు సపాతు, కుర్చీకి కాదెరా, చేతిరుమాలుకి లెన్సో. ఇవన్నీ పోర్చుగీసువారి నోటి నుంచి వచ్చిన మాటలు. పోర్చుగీసువారు అంబోన్ విడిచిపోయి అప్పటికి మూడున్నర శతాబ్దాలు. డ్రెంతె చలిలో ఒక జావా తల్లి తన కొడుకుతో ఆ మాటలే మాట్లాడుతోంది.

* * *

ఈ భాష పుట్టుక లవంగంలో ఉంది. ఒకప్పుడు ప్రపంచం మొత్తానికి లవంగం తెర్నాతె, తిదోరె, వాటి చుట్టుపక్కల దీవుల నుంచే వెళ్లాలి. తెర్నాతె మనిషిది ఒక భాష, కొనడానికి వచ్చిన జావా మనిషిది ఇంకోటి, మలక్కా వర్తకుడిది మరోటి, గుజరాతీ, అరబ్బు, చైనా వాళ్లు సరేసరి. అందరికీ బేరం కుదరాలంటే మలయ్ తప్ప దారి లేదు. 1512లో పోర్చుగీసు ఓడలు మలుకు చేరేనాటికే బజార్లో మలయ్ ఉంది. 1546లో అంబోన్ వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ మతబోధకు పట్టుకున్నది కూడా మలయ్‌నే. మలక్కాలో ఉండగా ప్రార్థనలు అందులోకి మార్పించుకుని మరీ వచ్చాడు.

1605లో డచ్చివారు అంబోన్ కోటను పోర్చుగీసుల దగ్గర లాక్కున్నారు. లవంగం కొనాలంటే దీవులవాళ్లకు కావలసింది వెండి కాదు, బట్ట. ఆ బట్ట కోరమండల్ తీరం నుంచి, మన మచిలీపట్నం వైపు నుంచి వెళ్లేది. మచిలీపట్నంలో డచ్చివారు కోఠీ పెట్టింది అంబోన్ పట్టుకున్న రోజుల్లోనే. కోరమండల్ బట్టలు లేకపోతే మలుకులో వ్యాపారమే చచ్చిపోతుందన్న అర్థంలో డచ్చి కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రావర్ 1612లోనే పైవాళ్లకు రాశాడు. ఆంధ్ర నేతగాడి బట్టను అంబోన్ బజార్లో చేతికి తీసుకుని బేరమాడినవాళ్లు ఆడింది ఈ మలయ్‌లోనే.

బేరానికి పుట్టిన మాట బేరంతో ఆగలేదు. కోట చుట్టూ ఊరు పెరిగింది. ఎక్కడెక్కడివాళ్లో స్థిరపడ్డారు, పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు. ఆ పిల్లలకు ఇదే అమ్మ మాట అయింది. బజారు మాట ఇలా అమ్మ మాటగా మారితే పండితులు దాన్ని క్రియోల్ అంటారు. అంబోన్ మలయ్‌ని అలా అనవచ్చా అన్నది ఇప్పటికీ తెగని వాదం. జేమ్స్ కాలిన్స్ అనే భాషావేత్త 1980లో దాని మీదే పుస్తకం రాసి, క్రియోల్ అన్న ముద్ర అంత తేలిగ్గా వెయ్యకూడదన్నాడు. సపారువా సిపాయికి ఈ వాదంతో పని లేదు. అతనికి అది తను కలలు కనే భాష.

ఇందులో నష్టం కూడా ఉంది, దాచకూడదు. అంబోన్, సపారువా దీవుల్లో క్రైస్తవం పుచ్చుకున్న ఊళ్లల్లో పాత దీవి భాషలు చాలావరకు పోయాయి. బడి, గుడి, కోట, మూడూ మలయ్ వైపే లాగాయి. పక్కనే ఉన్న ముస్లిం ఊళ్లు తమ నేల భాషను నిలుపుకున్నాయి. సపారువాలో సిరి సోరి ముస్లిం ఊళ్లో ఈనాటికీ ఆ భాష మాట్లాడుతున్నారు. సార్జెంటు అమ్మమ్మ నాటికే వాళ్ల ఊళ్లో అది పాటల్లోకి, పెళ్లి మంత్రాల్లోకి పోయి దాక్కుంది. నలుగురినీ కలిపిన మాటే ఇంటి మాటను మింగిన సంగతి మలుకువాళ్లకు బాగా తెలుసు. తెలిసీ దాన్నే ప్రేమించారు.

* * *

అంత ప్రేమించిన మాటకు గుడిలో చోటు దొరకలేదు. ఇదొక పాత తగువు.

1686లో ఫ్రాంస్వా వాలెంటైన్ అనే డచ్చి మతగురువు అంబోన్ వచ్చాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. తను చెప్పేది జనానికి అర్థం కావాలంటే వాళ్లు మాట్లాడుకునే మలయ్‌లోనే బైబిలు ఉండాలని పట్టుబట్టాడు. తన దగ్గర అలాంటి అనువాదం సిద్ధంగా ఉందని కూడా అన్నాడు. అది నిజంగా అతను చేసిందేనా అని అనుమానించినవాళ్లూ ఉన్నారు. బటేవియాలో, అంటే నేటి జకార్తాలో, మెల్కియోర్ లేడెకర్ అనే మరో పండితుడు ఉన్నాడు. దైవవాక్యం బజారు మాటలో ఉండరాదని, అరబ్బు, పారశీక పదాలతో నిండిన పెద్ద మలయ్‌లోనే రావాలని ఆయన మతం. చర్చి పెద్దలు లేడెకర్ పక్షం వహించారు.

గిడుగు రామమూర్తి గారి గ్రాంథిక, వ్యావహారిక పోరాటం తెలిసినవాళ్లకు ఈ తగువులో కొత్తేమీ కనిపించదు. కాకపోతే ఇది ఆయనకు రెండు శతాబ్దాలు ముందుది. ఇక్కడ గిడుగు పక్షం ఓడిపోయింది.

లేడెకర్ 1701లో చనిపోయాడు. కొత్త నిబంధనలో ఎఫెసీయుల పత్రిక ఆరో అధ్యాయం దగ్గర ఆయన కలం ఆగింది. వాన్ డెర్ వోర్మ్ అనే ఆయన మిగిలింది పూర్తి చేశాడు. అచ్చుకావడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. కొత్త నిబంధన 1731లో, మొత్తం బైబిలు 1733లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వచ్చాయి. వాలెంటైన్ చేతిరాత ఎన్నడూ అచ్చు కాలేదు.

అప్పట్నుంచి అంబోన్ క్రైస్తవుడు రెండు మలయ్‌ల మధ్య పెరిగాడు. ఆదివారం పొద్దున గుడిలో ఒకటి, గుడి మెట్లు దిగంగానే ఇంకోటి. తరాల తరబడి విని, అర్థం కాని పదాలకు కూడా భక్తితో అలవాటుపడ్డాడు. షాటెన్‌బెర్గ్ శిబిరంలో ఒక బ్యారక్‌నే గుడి చేసుకున్నారు. 1952లో నెదర్లాండ్స్‌లోనే తమ సొంత మలుకు చర్చిని స్థాపించుకున్నారు. అక్కడా బోధ పెద్ద మలయ్‌లోనే. సార్జెంటు నల్లకోటు వేసుకుని ముందు వరసలో కూర్చుని వినేవాడు. కూటం ముగిసి బయట నిలబడి సిగరెట్టు వెలిగించాక, ఇంటికి ఎప్పుడు పంపుతారంటావు బుంగ్ అని పక్కవాణ్ని అడిగేది మాత్రం తన మలయ్‌లోనే.

* * *

శిబిరంలో మొదట్లో బయట పనికి వెళ్లడానికి లేదు. తిండి ఉమ్మడి వంటశాల నుంచి. పెద్దవాళ్లకు చేతి ఖర్చుకని వారానికి మూడు గిల్డర్లు. శిబిరానికో డచ్చి అధికారి, మలుకువాళ్ల తరఫున ఒక సంఘం. 1952లో వీళ్ల పాలన చూడటానికే ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ శాఖ వచ్చింది. నిన్నటిదాకా ఒక ప్లటూన్‌ను నడిపించిన మనిషి గిన్నె పట్టుకుని వరసలో నిలబడాలి. సార్జెంటు నిలబడేవాడు కాదు. కొడుకును పంపేవాడు.

వచ్చేది బంగాళదుంపలు, ఉడికించిన ఆకుకూరలు. తినలేక ఆడవాళ్లు గదిలోని పొయ్యి మీదే చాటుగా వండుకునేవారు. పపెదా లేనిదే మలుకువాళ్లకు భోజనం భోజనం కాదు. సగో చెట్టు బోదెలోంచి తీసిన పిండిలో మరిగే నీళ్లు పోస్తూ తిప్పుతుంటే, తెల్లటి పిండి కాస్తా ఒక్కసారిగా గాజులా మెరిసే జిగురవుతుంది. రెండు పుల్లలతో చుట్టి కంచంలోకి వెయ్యాలి. నమలకూడదు. పసుపు వేసిన చేపల పులుసుతో అలా జార్చుకోవాలి. డ్రెంతెలో సగో ఎక్కడిది? బంగాళదుంప గంజిపిండితో చేశారు. జావా భార్య తన అత్తను చూడలేదు, సపారువా చూడలేదు, పపెదా తిప్పడం గోడ అవతలి సేరం ఊసి దగ్గర నేర్చుకుంది. ఇలాంటి వంట పాఠాలన్నీ సాగింది అంబోన్ మలయ్‌లోనే. చెంచా ఇటు తిప్పు, నీళ్లు ఆపు, ఇంకా పొయ్, అయిపోయింది, సు జాది.

అన్ని దీవులవాళ్లూ ఒకే మాట మాట్లాడారని అంతా సఖ్యంగా ఉన్నారనుకోకూడదు. మొదటి ఏడాదిలోనే అంబోన్ వైపువాళ్లకూ, కేయి, తనింబార్ లాంటి ఆగ్నేయ దీవులవాళ్లకూ గొడవలై, కొన్ని కుటుంబాలను వేరే శిబిరాలకు మార్చవలసి వచ్చింది. తిట్టుకున్నదీ ఈ మాటలోనే.

1956లో ఉమ్మడి వంటశాలలు మూసేశారు. ఇక మీ తిండి మీరే సంపాదించుకోండి, అద్దె కట్టండి అన్నారు. చాలామందికి అర్థమైంది అప్పుడే. వెళ్లిపోయేవాళ్లకు ఎవరైనా అద్దె అడుగుతారా? సార్జెంటు ఫ్యాక్టరీకి వెళ్లడం మొదలుపెట్టాడు. పెట్టె మాత్రం అలాగే మంచం కింద ఉంది.

పిల్లలు డచ్చి బళ్లకు వెళ్లారు. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మతో బెతా అని మొదలుపెట్టి మధ్యలో డచ్చి మాట దొర్లించేవాళ్లు. తేతెలకు కోపం వచ్చేది. పిల్లల నోట పుట్టిన ఆ మలయ్‌ని ‘మెలాయు సినీ’ అన్నారు, ఇక్కడి మలయ్ అని. మొదట చులకనగానే చూశారు. తర్వాత అదే రెండో తరానికి గుర్తయింది. 1989లో తహితు అనే మలుకు పండితుడు ఈ యువకుల మాట మీదే పరిశోధన గ్రంథం వెలువరించాడు. సపారువాలో లేదు, జకార్తాలో లేదు, నెదర్లాండ్స్‌లోని మలుకు కాలనీల్లోనే ఉన్న మాట అది. అంబోన్ బజార్లో ఒకప్పుడు పోర్చుగీసు మాటలు ఎలా చేరాయో ఇక్కడ డచ్చి మాటలు అలాగే చేరాయి. ఇది చెడిపోవడం అని కొందరు పెద్దలు బాధపడ్డారు. నాకైతే ఆ భాష తన పుట్టుగుణాన్ని తాను నిలబెట్టుకుందనిపిస్తుంది.

* * *

రెండో తరం మాటలతో ఆగలేదు. తండ్రులు ఇరవై ఏళ్లు పెట్టెలు సర్దుకుని కూర్చోవడం చూసి పెరిగిన కుర్రాళ్లు 1975 డిసెంబరులో వైస్టర్ దగ్గర రైలును ఆపి ప్రయాణికులను బందీలుగా పట్టుకున్నారు. ముగ్గురు బందీలు చనిపోయారు. 1977 మే 23న డె పుంట్ దగ్గర మరో రైలు, బోవెన్‌స్మిల్డెలో ఒక బడి. జూన్ 11న సైన్యం రైలు మీద విరుచుకుపడి, ఆరుగురు మలుకు యువకులు, ఇద్దరు బందీలు చనిపోయాక అది ముగిసింది. ఇవన్నీ జరిగింది ఆ డ్రెంతె ప్రాంతంలోనే. ఆ చావులను ఎవరూ సమర్థించలేరు. 1951లో రేవులో ఆ కాగితాలు ఇచ్చి ఉండకపోతే అవి జరిగేవా అని అడక్కుండా కూడా ఉండలేం.

షాటెన్‌బెర్గ్ 1971లో ఖాళీ అయింది. 1986లో డచ్ ప్రభుత్వం మలుకు పెద్దలతో ఒప్పందం చేసుకుని, తొలి తరం సిపాయి కుటుంబాలకు ఏటా రెండు వేల గిల్డర్ల భృతి, ఒక పతకం ఇచ్చింది. ముప్ఫై అయిదేళ్ల తర్వాత. అప్పటికి చాలామంది సిపాయిలు డచ్చి నేలలోనే సమాధుల్లో ఉన్నారు. మన సార్జెంటు ఉన్నాడు. పతకం తీసుకున్నాడు.

ఆ ఎనభైల నుంచే డబ్బు కూడబెట్టుకుని అంబోన్ వెళ్లి రావడం పెరిగింది. సార్జెంటు కొడుకు, ఒకప్పుడు బూట్ల కోసం అరిచినవాడు, నలభై దాటాక మొదటిసారి సపారువా పడవ దిగాడు. తండ్రి చెల్లెలు రేవుకి వచ్చింది. “నెదర్లాండ్స్‌లో మీరు ఏ భాష మాట్లాడతారు నాయనా?” అని అడగబోయి, అతను నోరు తెరవగానే ఆగిపోయింది. తన అన్న ఊరు విడిచిన నాటి మలయ్ అది. పిల్లలు ఇప్పుడు టీవీలో వచ్చే జకార్తా మాటలు కలిపేస్తుంటే, ఈ పెద్దమనిషి తాతల నాటి పలుకుబడితో మాట్లాడుతున్నాడు, మధ్యమధ్య ఒక్కో డచ్చి మాటతో. మేనత్తకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

* * *

ఒకే మాట ఉంటే నెత్తురు పారదన్న భ్రమను అంబోన్ కూడా చెరిపేసింది. 1999 జనవరి 19, ఈద్ రోజు. ఊళ్లో ఒక చిన్న తగాదా. సాయంత్రానికి ముస్లిం పేటలు, క్రైస్తవ పేటలు తగలబడుతున్నాయి. 2002 ఫిబ్రవరిలో మలినో ఒప్పందం కుదిరేలోగా వేల మంది చనిపోయారు. అటూ ఇటూ బెతా అనేవాళ్లే, ఊసి, చాచా అనేవాళ్లే. క్రైస్తవ ఇళ్లల్లో అక్క ఊసి, ముస్లిం ఇళ్లల్లో చాచా. అంతే తేడా. నెదర్లాండ్స్ మలుకు కాలనీల్లో చందాలు పోగై దీవులకు వెళ్లాయి.

ఆ రోజుల్లో అంబోన్ తూర్పు తీరాన తులెహు అనే ముస్లిం ఊళ్లో సని తవాయినెల్లా అనే మాజీ ఆటగాడు, అల్లర్లు చూడ్డానికి పరుగెత్తే పిల్లల్ని సాయంత్రాలు మైదానానికి లాక్కొచ్చి ఫుట్‌బాల్ నేర్పేవాడు. తర్వాత ముస్లిం, క్రైస్తవ పిల్లలు కలిసి ఒకే జట్టయ్యారు. మొదట ఒకరికొకరు బంతి ఇచ్చుకోలేదు. 2006లో ఆ మలుకు జట్టు 15 ఏళ్లలోపు బాలుర జాతీయ పోటీల్లో గెలిచింది. ఆ కథను అంగ్గా ద్విమాస్ ససోంగ్కో అనే దర్శకుడు 2014లో ‘బెతా మలుకు’ అన్న మాట పేరులో పెట్టుకుని సినిమాగా తీశాడు. అందులో మనుషులు తమలో తాము ఎలా మాట్లాడుకుంటారో అలాగే, అంబోన్ మలయ్‌లోనే మాట్లాడతారు. మిగతా దేశం చదువుకోవడానికి కింద ఇండోనేషియా భాషలో అక్షరాలు వేశారు. ఆ ఏడాది దేశంలో ఉత్తమ చిత్రం పురస్కారం దానికే వచ్చింది.